పుట్టకముందే వార్డుకొచ్చిన బిడ్డలు

సాయంత్రం నాలుగింటికి బిడ్డ తండ్రి ఆస్పత్రితో రాజీ కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు. టీచర్ ఆ ఇంటి మెట్లెక్కేసరికి పదకొండు దాటి అయిదు నిమిషాలయింది.

ఆవిడను అందరూ టీచర్ అనే పిలుస్తారు. నర్సుల బడిలో ఇరవయ్యేడేళ్ళు ప్రసవాల పాఠం చెప్పి, ఆ పని మానేసి, ఇప్పుడు ఉచిత న్యాయసహాయ కేంద్రంలో లాయరమ్మ దగ్గర పరిశోధన చూస్తోంది. పుట్టేటప్పుడు దెబ్బతిన్న బిడ్డల కేసులే ఆవిడ చేతికిస్తారు. జరిగింది ఎవరైనా చేసిన తప్పా, లేక ఎవరూ తప్పించలేని గండమా అన్నది తేల్చడం ఆవిడ పని. పది కేసుల్లో ఆరింటి మీద 'ఇందులో ఎవరి తప్పూ లేదు' అని రాసిన మనిషి. అందుకే మిగతా నాలుగింటి మీద ఆవిడ రాసినదానికి కోర్టులో విలువ.

ఈ కేసు కాగితాల్లో ఒక్క పొరపాటు లేదు. అదే ఆవిడకు నచ్చలేదు.

గదిలో చాప మీద నాలుగు నెలల పాప పడుకుని ఉంది. ఎడమ చేయి గాలిలో దేనికోసమో తడుముతోంది. కుడి చేయి మాత్రం ఒంటి పక్కన, అరచేయి వెనక్కి తిరిగి, ఎవరిదో వస్తువు మరిచిపోయి వదిలేసినట్టు పడి ఉంది. ఒకామె ఆ చేతిని మోచేతి దగ్గర మెల్లగా మడుస్తూ, చాస్తూ లెక్క పెడుతోంది.

"వదినా, టీచర్ గారొచ్చారు," అంది పాప తల్లి.

లెక్క పెడుతున్నామె తలెత్తింది. టీచర్ ఆమెను వెంటనే గుర్తుపట్టింది. తొమ్మిదేళ్ళ కిందటి బ్యాచి. రెండో వరసలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల.

"నువ్వా! ఈ పాపకి మేనత్తవా నువ్వు?"

"నమస్తే టీచర్."

"అదే ఆస్పత్రిలో చేస్తున్నావా?"

"ఓపీలో టీచర్. ప్రసవాల గదిలో కాదు." అనేసి మళ్ళీ చేతివైపు తిరిగింది. ఎంతవరకు లెక్కపెట్టిందో మరిచిపోయినట్టుంది, ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ప్రసవాల గది సంగతి ఎవరూ అడగలేదు. టీచర్ ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టి, తల్లి ఎదురుగా కూర్చుంది.

"మళ్ళీ మొదటి నుంచి చెప్పమ్మా. విసుక్కోకు."

"నాకు విసుగేం లేదండి. వినేవాళ్ళకే విసుగు," అంది తల్లి. ఆమె బస్టాండులో విచారణ కిటికీ దగ్గర పని చేస్తుంది. "మా ఆయనకి చెప్తే, నొప్పుల్లో ఉన్నదానివి నీకేం తెలుసు అంటాడు. పెద్ద డాక్టరుగారికి చెప్తే నవ్వారు. గడియారం చూశానండి నేను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడియారం చూసి జనానికి చెప్పడమే నా ఉద్యోగం. నొప్పులొస్తే మాత్రం ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?"

"తల ఎప్పుడొచ్చింది?"

"పదీ ఇరవయ్యొకటి. 'తల వచ్చేసింది' అని కింద ఎవరో అన్నారు."

"తర్వాత?"

"తర్వాత ఆగిపోయిందండి. అందరూ ఒక్కసారి నోళ్ళు మూసేశారు. 'పిలువు, ఎవర్నైనా పిలువు' అంటూ ఒకమ్మాయి బయటికి పరిగెత్తింది. కాసేపటికి డాక్టరుగారి గొంతు. 'నొక్కు, పైనుంచి నొక్కు, ఇంకా' అని. ఎవరో స్టూలెక్కి నా పొట్ట మీద మోచేతులతో పడ్డారు. కింద ఇంకొకరు లాగుతున్నారు. పాప మొత్తం బయటికొచ్చేసరికి పదీ ఇరవయ్యేడు."

"స్టూలెక్కింది ఎవరు?"

"మూతికి మాస్కు, నెత్తికి టోపీ. అందరూ ఒకేలా ఉన్నారు. నేను గడియారం తప్ప ఎవర్నీ చూడలేదు."

"డాక్టరుగారు ఎక్కడ నిలబడ్డారు?"

తల్లి ఆలోచించింది. "గొంతు వినపడిందండి. మనిషి ఎక్కడున్నారో చెప్పలేను."

టీచర్ కేస్ షీటు నకలు తీసి చూసుకుంది. తల బయటికి: పది గంటల పదకొండు. బిడ్డ బయటికి: పది గంటల పన్నెండు. ఒక్క నిమిషం. 'భుజం కొద్దిగా అడ్డుపడింది, తేలిగ్గా తీయడమైనది.' కింద ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన ఒక నర్సు పేరు, పక్కన పెద్ద డాక్టరుగారి సంతకం.

బిడ్డ భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుంటే ఏం చేయాలో టీచర్ వందలమందికి చెప్పింది. తల్లి కాళ్ళు రెండూ పొట్టవైపు మడవాలి. ఎముక పైన, కింది పొట్ట మీద నొక్కాలి. అలా కాక పొట్ట పైభాగం నుంచి నొక్కితే భుజం ఇంకా బిగుస్తుంది. తల పట్టుకుని లాగితే మెడలోంచి చేతికి దిగే నరాలు సాగి తెగుతాయి. నిమిషంలో తేలిగ్గా వచ్చిన బిడ్డకు ఈ దెబ్బ తగిలితే అది దురదృష్టం. ఆరు నిమిషాలు నొక్కి, లాగితే తగిలింది దురదృష్టం కాదు.

కానీ తల్లి చెప్పే అంకెలకూ, కాగితం మీది అంకెలకూ పొంతన లేదు. పక్కనున్న పసిపిల్లల వార్డు రిజిస్టరులో పాపను పది గంటల పదహారుకు చేర్చుకున్నట్టు ఉంది. పదీ ఇరవయ్యేడుకు పుట్టిన బిడ్డ పదీ పదహారుకు వార్డులో ఎలా ఉంటుంది? ఈ ఒక్క ప్రశ్నతో ఏ వకీలైనా తల్లి మాటను గాలికెగరేస్తాడు.

మేనత్త పాలసీసా కడగడానికి లోపలికెళ్ళింది. టీచర్ గొంతు తగ్గించింది. "మీ ఆయనకెందుకమ్మా ఇంత తొందర?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఈ నెలాఖరుకి మోచెయ్యి మడవకపోతే ఆపరేషన్ చెయ్యాల్సిందే, ఆలస్యమైతే చెయ్యి ఇంతే అని నరాల డాక్టరు చెప్పారు. మొన్నటిదాకా కోర్టులోనే తేల్చుకుందాం, ఆపరేషన్ వాళ్ళచేతే చేయిద్దాం అన్నాడీయన. ఆదివారం అక్క దగ్గరికెళ్ళొచ్చాడు. వస్తూనే మారిపోయాడు. ఏడాదిపాటు చేతికి వ్యాయామం చేయిస్తారట, ఎవరి తప్పూ లేదని రాసిచ్చేద్దాం అంటాడు. రాసిచ్చాక ఇక అడగడానికేముంటుందండి?"

లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. సీసా కడగడం అయిందో, వినడం మొదలైందో చెప్పడం కష్టం.

*

ప్రసవాల గది చూడటానికి కోర్టు ఒక గంట ఇచ్చింది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. గుమ్మంలోనే 'ఇస్త్రీ' ఎదురయ్యాడు.

అతను ఆస్పత్రికి బీమా ఇచ్చిన కంపెనీ తరఫున దర్యాప్తు చేసే మనిషి. చొక్కా మీద మడత గానీ, మాటలో తడబాటు గానీ ఏనాడూ కనపడనందుకు కోర్టు వరండాల్లో ఆ పేరు పడింది. అంతకుముందు మూడు కేసుల్లో టీచర్‌కు ఎదురు నిలిచి, రెండు గెలిచాడు.

"రండి మేడమ్. ఒక్క గంటే, గుర్తుందిగా?"

"బళ్ళో గంట కొట్టినప్పుడల్లా లేచిన ప్రాణం బాబూ. నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు."

గది చిన్నదే. మంచం, పక్కన పనిముట్ల బల్ల, గోడవారగా రెండు మెట్ల ఇనప స్టూలు. టీచర్ స్టూలును కాలితో కదిపి చూసింది. తర్వాత చెప్పులు విడిచి మంచం ఎక్కబోయింది.

"ఏంటిది? ఈ వయసులో..." ఇస్త్రీ కనుబొమలెగరేశాడు.

"ప్రసవానికి కాదులే, కంగారుపడకు."

వెల్లకిలా పడుకుని తలను తల్లి తల ఉండేచోట పెట్టింది. ఎదురుగోడ మీద గడియారం సూటిగా కనబడుతోంది. పన్నెండూ ఎనిమిది. చేతి గడియారం చూసుకుంది. పన్నెండూ ఎనిమిదే. తల్లి గడియారం చూడగలిగిన మాట నిజం. కానీ అది సరైన టైమే చూపిస్తోంది. అంటే తల్లి పొరబడిందన్నమాటేనా?

లేవబోతూ ఆగింది. గడియారం చుట్టూ గోడ మీద తెల్లటి వలయం ఉంది. రంగు మాయని వలయం. ఇప్పుడున్న గడియారం కన్నా జానెడు పెద్దది. అక్కడ ఏళ్ళ తరబడి వేరే గడియారం ఉండేది.

"ఇక్కడి గడియారం ఎప్పుడు మార్చారు?"

"ఈ ఆస్పత్రిలో మేకులెన్నో కూడా నేనే లెక్కపెట్టాలా?" అన్నాడు ఇస్త్రీ. అంతలో అతని ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం," అంటూ వరండాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

మూలన నేల తుడుస్తున్న ఆయా కర్ర ఆనించుకుని నిలబడింది. "మా పరుగులమారి గురించేనా అమ్మా అడుగుతున్నారు?"

"అదెవరు?"

"పాత గడియారం అమ్మా. దానికి మేం పెట్టిన పేరు. పావుగంట ముందు పరిగెత్తేది. డ్యూటీ దిగేవాళ్ళు తొందరగా దిగొచ్చని ఎప్పుడో ఎవరో మహాతల్లి తిప్పి పెట్టింది. మళ్ళీ వెనక్కి తిప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. మాకంతా అలవాటే. పక్క పసిపిల్లల వార్డు వాళ్ళు మాత్రం మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. మీ బిడ్డలు పుట్టకముందే మా వార్డుకొచ్చేస్తున్నారే అని."

టీచర్ మంచం దిగింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయింది. "కేస్ షీట్లో టైము ఏది చూసి రాసేవారు?"

"ఇంకేది చూస్తారు? ఎదురుగా ఉన్నది చూసే. చేతులకి గ్లవ్సులుంటే చేతి గడియారం ఎవరు పెట్టుకుంటారమ్మా?"

"ఎప్పుడు తీసేశారు దాన్ని?"

"తనిఖీ అధికారులొస్తున్నారని అన్ని గదుల్లో కొత్తవి పెట్టారు." ఆయా వేళ్ళు మడిచింది. "ఆ చెయ్యి పడిపోయిన పాప ఇంటికెళ్ళాక వారమో, పది రోజులో."

తలుపు తెరుచుకుంది. ఆయా వంగి నేల తుడవసాగింది.

"కబుర్లయ్యాయా?" అన్నాడు ఇస్త్రీ. గొంతులో కోపం లేదు. "మేడమ్, ఒక మాట చెప్పనా? ఆ తల్లి మీద జాలితో మీ పేరు పోగొట్టుకోకండి. ఆమె చెప్పే టైముకి బిడ్డ పక్క వార్డులో ఉంది. రిజిస్టరు సాక్ష్యం. జడ్జిగారు నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వే జడ్జి వినే జడ్జి. నీకేం బాధ?"

"నాకా? నాలుగింటికి కలుద్దాం. పెన్ను నేనే తెస్తాను."

*

ఆస్పత్రి ఎదురుగా మందుల దుకాణం అరుగు మీద టీచర్ కాగితాలు పరిచింది. న్యాయసహాయ కేంద్రానికి అదే ఆస్పత్రి నుంచి అంతకుముందే మూడు కుటుంబాలు వచ్చి ఉన్నాయి. మూడూ గడియారం మార్చకముందు పుట్టిన బిడ్డలవి. వాళ్ళ కేస్ షీట్లు ఒక వరస. పసిపిల్లల వార్డు రిజిస్టరు నకలు ఇంకో వరస. ఈ రెండు పుస్తకాలూ రెండు గదుల్లో ఉంటాయి. ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసే అవసరం ఆ ఆస్పత్రిలో ఎవరికీ రాలేదు.

ఆవిడ రెండుసార్లు సరిచూసుకుంది. మూడోసారి చూడకుండానే లాయరమ్మకు ఫోన్ చేసింది.

"దొరికింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు చూడు, మరీ అతికించేశారు. అదే పట్టిచ్చింది."

లాయరమ్మ విని, "నాలుగు లోపల ఆ ఇంటికెళ్ళండి. ఆయన్ని పెన్ను పట్టనివ్వకండి," అంది.

"ఒక్కటి చెప్పు. మన పాప కేస్ షీటు కోసం ఎన్నాళ్ళు తిప్పారు?"

"పదకొండు వారాలు."

"మరి వార్డు రిజిస్టరు?"

"అడిగిన మర్నాడే వాళ్ళే పంపించారు. ఏం?"

"ఏం లేదు," అంది టీచర్. కానీ కాగితాలు సంచిలో పెట్టబోయి, రిజిస్టరు నకలును మళ్ళీ తిరగేసి చూసింది. పదకొండు వారాలు తిప్పినవాళ్ళు ఒక్కరోజులో ఎందుకిచ్చారు? తను ఆయాతో మాట్లాడాల్సిన ఆ రెండు నిమిషాలే ఇస్త్రీకి ఫోన్ ఎలా వచ్చింది?

*

నాలుగుకు అయిదు నిమిషాలుంది. ఇస్త్రీ కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద ఒప్పందం కాగితం, దాని మీద అడ్డంగా పెన్ను. తండ్రి ప్రెస్సులో కాగితాల కటింగు మెషీను దగ్గర నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా కాగితపు పొడి. మేనత్త పాపను ఎత్తుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"టీచర్ గారూ, మీకు దండం పెడతాను," అన్నాడు తండ్రి. "మాకు గొడవలొద్దు. ఏడాదిపాటు చెయ్యి ఆడిస్తామంటున్నారు, చాలు."

"ఆపరేషనో?"

"అక్కర్లేకపోవచ్చన్నారు."

"ఎవరన్నారు? పాప చెయ్యి చూసినవాళ్ళా, ఈ కాగితం రాసినవాళ్ళా?"

టీచర్ బల్ల మీది ఒప్పందాన్ని పక్కకు జరిపి, తన కాగితాలు పరిచి తల్లిని పిలిచింది.

"ఇలా రామ్మా. ఇది బస్సుల పట్టిక అనుకో. ఇటు బయల్దేరిన టైము, అటు చేరిన టైము. బస్టాండులో చదివినట్టే గట్టిగా చదువు."

తల్లి వంగి వేలు పెట్టింది. "బయల్దేరింది మూడూ నలభై. చేరింది మూడూ ఇరవైతొమ్మిది." ఆగింది. "ఇదేంటండీ, బయల్దేరకముందే చేరిపోయింది?"

"చదువు."

"బయల్దేరింది ఎనిమిదీ అయిదు. చేరింది ఏడూ యాభై అయిదు. ఇది ఒకటీ పద్ధెనిమిది... చేరింది ఒకటీ ఎనిమిది. ఇలాంటి బస్సులు మా దగ్గరుంటే జనం మమ్మల్ని కొట్టేవాళ్ళు."

"నాలుగోది మన పాపది."

"బయల్దేరింది పదీ పన్నెండు. చేరింది పదీ పదహారు. ఇది సరిగ్గానే ఉంది."

"సరిగ్గా ఉండటమే దాని తప్పు. ఆ గదిలో గడియారం పావుగంట ముందుండేది. ఆ రోజుల్లో అక్కడ పుట్టిన ప్రతి బిడ్డా కాగితం మీద పుట్టకముందే వార్డుకొచ్చింది. మన పాప ఒక్కతే పుట్టాక వచ్చింది. ఎందుకంటే ఈ షీటు ఆ రోజు రాసింది కాదు. తర్వాత, వార్డు రిజిస్టరు చూసుకుని, లెక్కకట్టి రాసింది. ఇప్పుడు చెప్పు. నువ్వు చూసిన పదీ ఇరవయ్యేడులోంచి పావుగంట తీసెయ్."

"పదీ పన్నెండు."

"తల వచ్చిన పదీ ఇరవయ్యొకటిలోంచి?"

"పదీ ఆరు." తల్లి కాగితం మీంచి వేలు తీయలేదు. "ఆరు నిమిషాలు." మెల్లగా భర్తవైపు తిరిగింది. "నేను సరిగ్గానే చూశాను. నాలుగు నెలలుగా నాకు మతి పోయిందన్నావు. నేను సరిగ్గానే చూశాను."

తండ్రి నేలచూపులు చూశాడు. ఇస్త్రీ మాత్రం చప్పుడు కాకుండా నవ్వాడు.

"బాగా పట్టుకున్నారు మేడమ్. నేను అనుకున్నదానికంటే తొందరగానే." సంచిలోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది పోలీసులకు ఆస్పత్రి ఇవ్వబోయే ఫిర్యాదు. ఆ షీటు మీద పేరున్న నర్సును వెతికి పట్టుకున్నాం. తను రాయలేదంటోంది, చేతిరాతా కలవలేదు. అంటే సిబ్బందిలో ఇంకెవరో తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి పెద్ద డాక్టరుగారికి తెలియకుండా దొంగ షీటు రాశారు. దొంగను ఆస్పత్రే పట్టించింది. మీ రిపోర్టు మాకు సాక్ష్యం. ఒక ఉద్యోగి సొంత నేరానికి ఆస్పత్రికీ బాధ్యత లేదు, మాకూ లేదు. సంతకం పెడితే ఈ ఫిర్యాదు చించేస్తాను. లేదంటే రేపు పొద్దున ఇచ్చేస్తాను."

"రిజిస్టరు ఒక్క రోజులో పంపింది నువ్వే," అంది టీచర్. "ఆ ఫోన్ కూడా నువ్వే మోగించుకున్నావు కదూ?"

"పాఠం మీరే చెప్పారు. నేను హాజరు వేయించుకున్నానంతే."

"అక్కా, నువ్వేం మాట్లాడకు," అన్నాడు తండ్రి.

అతని అక్క అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. అందరూ గుమ్మంవైపు తిరిగారు. తండ్రికి తను ఏమన్నాడో అప్పుడు అర్థమై, చేత్తో నోరు మూసుకున్నాడు.

"ఇంకేం మాట్లాడకూడదురా?" అంది మేనత్త. "నా కోసం నీ కూతురి చెయ్యి రాసిచ్చేస్తావా?" ఆమె టీచర్‌ను చూసింది. "షీటు రాసింది నేనే టీచర్. స్టూలెక్కిందీ నేనే."

తల్లి కదల్లేదు.

"తల వచ్చాక కేకేస్తే ఓపీలోంచి పరిగెత్తాను. నొక్కమంటే నొక్కాను. పైనుంచి నొక్కకూడదని మూడేళ్ళు మీ దగ్గర చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. ఆ నిమిషంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. గట్టిగా చెప్పేవాళ్ళ మాట వినడమే గుర్తొచ్చింది."

టీచర్ నేర్పిన పాఠమే అది. ఎన్నిసార్లు చెప్పిందో, ఇంకెన్నిసార్లు చెప్పి ఉండాల్సిందో ఇప్పుడు లెక్క తేలదు.

తల్లి లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. "పాపనిటివ్వు వదినా," అంది. అరవలేదు. బిడ్డను తీసుకుని వెనక్కొచ్చి కూర్చుంది. మేనత్త చేతులు కాసేపు ఎత్తుకున్నట్టే ఉండిపోయాయి.

"ఒప్పుకుంది. అయిపోయింది," అన్నాడు ఇస్త్రీ, పెన్ను తండ్రివైపు జరుపుతూ.

"ఆగు." టీచర్ పెన్ను మీద అరచేయి పెట్టింది. "అమ్మాయ్, షీటు మీద రాసిన అంకెలు నువ్వు వేసుకున్నవేనా?"

"కాదు టీచర్. పెద్ద డాక్టరుగారు చీటీ మీద రాసిచ్చారు. షీటు మీద నీళ్ళు పడ్డాయి, ఇవి వేసి మళ్ళీ రాయి, మీ మరదలు కోర్టుకెళ్తే ముందు నీ పేరే వస్తుందన్నారు."

"ఆ గడియారం పావుగంట ముందుండేదని నీకు తెలుసా?"

"ఆ గదిలో ఒక్కసారి అడుగుపెట్టినవాళ్ళెవరికైనా తెలుసు. చీటీ చూడగానే తెలిసింది, ఈ అంకెలు నిలబడవని. చెప్పలేదు. అలాగే రాసేశాను. ఎవరైనా పట్టుకుంటే బాగుండనిపించింది."

"నీకు తెలుసు, ఆయాకు తెలుసు, పక్క వార్డు మొత్తానికి తెలుసు. మరి రోజూ అక్కడ ప్రసవాలు చేసే పెద్ద డాక్టరుగారికి ఎందుకు తెలియలేదు?"

ఇస్త్రీ ముఖంలో మొదటిసారి ఏదో చెదిరింది. కుర్చీలో ముందుకు వంగాడు. "ఏమంటున్నారు మేడమ్?"

జవాబు మేనత్త చెప్పింది. "పొద్దుటిపూట ఆయన ఉండరండి. ఇంకో రెండు ఆస్పత్రులు చూసుకోవాలి. మేం ఫోన్ చేస్తాం, ఆయన చెప్తారు, మేం చేస్తాం. మధ్యాహ్నం వచ్చి అన్ని షీట్ల మీదా సంతకం పెట్టేస్తారు. ఆ రోజు నా ఫోన్‌లోంచే చేశాను. స్పీకరు నొక్కి ట్రేలో పెట్టాం. అక్కడ ఎముక ఎలా ఉందో, భుజం ఎలా ఉందో ఆయన చూసింది లేదు. నొక్కు, నొక్కు అన్నారు."

"మాకిచ్చిన వాంగ్మూలంలో స్వయంగా ప్రసవం చేశానని ఉంది," అన్నాడు ఇస్త్రీ. అది ఎవరితోనూ అన్న మాట కాదు. "అయిదేళ్ళుగా ప్రతి షీటు మీదా ఆయన సంతకమే ఉంది."

అప్పుడే మేనత్త సంచిలో ఫోన్ మోగింది. ఆమె తీసి చూసి, అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఆయనేనండి. సంతకం అయిందో లేదో నాలుగుంపావుకి చేసి కనుక్కుంటానన్నారు."

"ఎత్తకు," అన్నాడు ఇస్త్రీ, లేచి నిలబడి. "ఎత్తొద్దమ్మా. ముందు నేను మా కంపెనీతో మాట్లాడాలి. నా మాట విను."

ఫోన్ మోగుతూనే ఉంది. టీచర్ ఏమీ చెప్పలేదు. ఇది ఆవిడ చెప్పవలసిన విషయం కాదు. తండ్రి భార్యవైపు చూశాడు.

తల్లి పాపను ఎడమ భుజం మీద వేసుకుని వెళ్ళి, ఆడపడుచు చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఎత్తి, స్పీకరు నొక్కి, బల్ల మీద రెండు కాగితాల మధ్య పెట్టింది.

"ఏమైంది? ఇంతసేపా?" పెద్ద డాక్టరు గొంతు గదంతా నిండింది. "మీ తమ్ముడు పెట్టాడా సంతకం? ఆ టీచరమ్మకేం దొరకలేదుగా? చూడు, నేను ఆ పూట అక్కడ లేనన్నది మన మధ్యే ఉండాలి. నువ్వు నోరు జారావంటే, పొట్ట మీద చేతులేసింది నువ్వు, నేను కాదు. వింటున్నావా? హలో, వింటున్నావా?"

పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. తల్లి వీపు మీద రెండుసార్లు తట్టి, ఫోన్‌వైపు వంగింది.

"అందరం వింటున్నాం డాక్టరుగారూ," అంది. "చెప్పండి."